తూములోకి పోయిన స్తూపం

చల్లపల్లిలో బస్సు దిగిన భక్తుల్లో ఎక్కువమంది మోపిదేవి దారి పడతారు. పుట్టలో పాలు పోయాలి, పిల్లలకు చెవులు కుట్టించాలి. ఘంటసాల వెళ్లినవాళ్లు కూడా జలధీశ్వరుడి గుడి దగ్గరే ఆగిపోతారు. ఆ ఊళ్లోని బౌద్ధ స్తూపం దగ్గర గంట లేదు, తీర్థం లేదు, కొబ్బరికాయ కొట్టే చోటూ లేదు.

రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన రేవు కంటకొస్సిల ఈ ఘంటసాలే. ఇక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడి పేరు ఉంది. తర్వాత సముద్రం వెనక్కి జరిగింది, భిక్షువులు కనుమరుగయ్యారు, కొన్ని శిల్పాలు పారిస్‌లోని గీమే మ్యూజియానికి చేరాయి. గుడివాడ, భట్టిప్రోలు స్తూపాల దిబ్బలకైతే జనం పెట్టిన పేరు లంజదిబ్బ! ఒకనాడు చేతులు జోడించిన చోట్లే అవి.

మరి పవిత్రత ఎక్కడుంటుంది? రాతిలోనా, మొక్కే మనిషిలోనా?

పులిగడ్డ వంతెన దాటి, రేపల్లె మీదుగా భట్టిప్రోలు వెళ్తే ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. 19వ శతాబ్దంలో కాలవల పనికోసం అక్కడి స్తూపం పాలరాళ్లు పీకి వెల్లటూరు తూముకు వాడేశారు. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే తవ్వితే, మిగిలిన ఇటుకల కింద రాతి పెట్టెలు, స్ఫటిక భరిణె బయటపడ్డాయి. ఒక పెట్టె మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు: కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు. బుద్ధుడి ధాతువుల కోసం ఇచ్చిన దానం. అమ్మానాన్నల్ని మరిచిపోని కొడుకన్నమాట.

ఆ తూము సంగతి వింటే ఒళ్లు మండుతుంది. అయితే అశోకుడు తన శాసనంలో చెప్పుకున్నది బావులు తవ్వించానని, చెట్లు నాటించానని. దాహం తీర్చడం పుణ్యమే అనుకున్న ధర్మంలో, పొలానికి నీళ్లు వదిలే తూము అపచారమెలా అవుతుంది?

ఈ వాదనలో కొంచెం మోసం ఉంది. బౌద్ధంలో కర్మ అంటే చేతన, సంకల్పం. తూము కట్టినవాళ్లకు దానబుద్ధి లేదు, దగ్గర్లో రాయి దొరికిందంతే. కురుడి కుటుంబాన్ని అడిగినవాళ్లూ లేరు. ఆ లెక్కన పైరు తడిసినా పుణ్యం వాళ్ల ఖాతాలో పడదు.

2016 పుష్కరాలకు జనం కృష్ణలో మునకలేసి దోసిళ్లతో అర్ఘ్యం వదిలారు. అవే నీళ్లు తూము దాటి పంటబోదెలోకి దిగాక, రైతు వాటిలోనే గేదెను కడుగుతాడు. దణ్ణం పెట్టడు. మడి చివరిదాకా తడి అందిందో లేదో చూసి, గండి పూడ్చి ఇంటికెళ్తాడు.