టెస్టరు మీద వేలు

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటొచ్చిందని చెబితే మా అయ్య, "కరెంటుకి కులముంటదంట్రా?" అన్నాడు. నవ్వుతా అన్నాడో, నిజంగానే అడిగాడో అప్పుడు తెలవలేదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన పోయాక ఊళ్ళో మళ్ళీ లైట్లు వెలిగినా మా మాలపల్లెలో చాన్నాళ్ళు కిరసనాయిలు బుడ్డే. తీగె ఊరి చివరి స్తంభం దగ్గర ఆగిపోయింది.

గుడివాడ బజార్లో టెస్టరు కొన్నా. చదువులో నా మొదటి ఆస్తి. లోపల చిన్న నియాను బుడ్డి, పది లక్షల ఓముల రెసిస్టరు, స్ప్రింగు. మొన ఫేజుకి ఆనిస్తే చాలదు, తలమీద బిళ్ళకి వేలు తగలాలి. 230 వోల్టుల నుంచి మిల్లీ ఆంపియరులో పావు వంతుకి మించని కరెంటు మన ఒంట్లోగుండా నేలకి దిగితేనే అది వెలుగుతుంది. మనిషి ముట్టుకుంటేనే! ఆ వేలు ఎవరిదని అడగదు. ఓము సూత్రం కన్నా ముందు నాకర్థమైంది ఇదే. ఎంత సంబరపడ్డానో.

సెలవులకి ఇంటికొస్తే ఒక రాత్రి ఊళ్ళోంచి కబురు. అరుగెక్కనివ్వని ఇల్లు. తెల్లారితే వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులు. మెయిను బోర్డు వంటింటి గోడకుంది, అందుకని లోపలిదాకా రానిచ్చారు. టెస్టరు పెడితే నా వేలి కింద ఎర్రగా వెలిగింది. లైను వస్తోంది, ఫ్యూజు తీగె కాలిపోయింది. కొత్త తీగె చుట్టి గ్రిప్పు చేత్తో పట్టుకున్నా.

"ఒరే అబ్బాయ్, గోడకి ఆనమాక. మళ్ళీ ఇల్లంతా కడుక్కోవాలి," అంది ఆవిడ చీకట్లోంచి.

గ్రిప్పు జేబులో వేసుకుని వచ్చెయ్యొచ్చు. పెట్టేశాను. వెలుతురు రాగానే అందరూ పక్కకి తప్పుకున్నారు. డబ్బులు నేలమీద పెట్టారు. నేను తీసుకోలేదు.

ఎందుకు పెట్టాను? బానిస బుద్ధి అన్నారు మిత్రులు. కొంత నిజమే, భయముంది. కానీ చేతిలోని పని సగంలో వదలడం నావల్ల కాలేదు. నా పనితనం మీద నాకున్న గౌరవాన్ని కూడా వాళ్ళకెందుకు ఒదులుకోవాలి? అయితే ఆ గౌరవం వాళ్ళకే వెలుతురిచ్చిందే! ఈ రెంటి మధ్యా ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత బందరులో మిత్రుల దగ్గర చదివా: 1942-46లో వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూసిన అంబేద్కరు విద్యుత్తు విధానం మీద కూడా పనిచేశాడని. మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. కరెంటు ఎలా పారుతుందో నేర్పారుగాని ఎవరి గుమ్మం దాకా పారుతుందో సిలబస్‌లో లేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి జరిగింది చెబితే అయ్య చాలాసేపు మాట్లాడలేదు. బుడ్డి వత్తి తగ్గిస్తా అడిగాడు:

"మరి మన స్తంభం సంగతడిగావా?"

అడగలేదు.