సత్కర్మకు విషఫలము

మంచి మనస్సుతో చేసిన పనికి చెడ్డ ఫలము కలిగినచో ఆ దోషము ఎవరిది? చేసినవాని సంకల్పమును చూడవలెనా, జరిగిన కీడును చూడవలెనా? ధర్మవిచారమున ఇది సులభమైన ప్రశ్న కాదు. బాలుర కొరకు వ్రాసినదిగా ప్రసిద్ధి చెందిన ఒక ఆంగ్ల నవల ఈ ప్రశ్ననే పాఠకుని ముందుంచుచున్నది.

జె.కె. రౌలింగ్ రచించిన హ్యారీ పాటర్ గ్రంథములు ఏడు. మొదటిది 1997లోను, చివరిది 2007లోను వెలువడినవి. 2000 జూలైలో వచ్చిన నాలుగవ గ్రంథము 'గాబ్లెట్ ఆఫ్ ఫైర్'. తొలి మూడింటిలోను ఆపదలు కలవు; అయినను కథ ముగియు వేళకు బాలురందరును క్షేమముగా ఇల్లు చేరుదురు. నాలుగవదానిలో ఒక విద్యార్థి ఇల్లు చేరడు. అది మొదలు ఆ కథపై చీకటి క్రమ్ముకొనును.

మూడు మంత్రవిద్యాలయముల నడుమ పోటీ జరుగుచున్నది. పదునేడేండ్లు నిండనివారు అందు పాల్గొనరాదు. పదునాలుగేండ్ల హ్యారీ పేరు శత్రువుల మోసముచే అందు చేరినది. అదే విద్యాలయము నుండి న్యాయముగా ఎంపికైనవాడు సెడ్రిక్. ఇరువురును ప్రత్యర్థులే. అయినను, మొదటి పరీక్షలో ఎదురు కానున్నవి డ్రాగన్లని తెలిసినంతనే హ్యారీ ఆ మాట సెడ్రిక్‌కు చెప్పెను. తక్కినవారికి తెలిసినది అతనికి తెలియకుండుట న్యాయము కాదని అతని తలంపు. సెడ్రిక్ రెండవ పరీక్షకు ఒక సూచన నిచ్చి ఆ ఋణము తీర్చుకొనెను. చివరి పరీక్షలో ఇరువురును విజయపాత్ర చెంతకు చేరిరి. ముందుగా అందుకొనగలిగియు సెడ్రిక్ దానిని హ్యారీకే విడిచెను. కాలికి గాయమై నిలువలేకున్న హ్యారీ, కలిసి తీసికొందమనెను. ఇరువురును ఒక్కసారి పట్టుకొనిరి. ఆ పాత్ర శత్రువు పన్నిన ఉచ్చు. అది వారినొక శ్మశానమున పడవేసెను. వోల్డెమార్ట్ ఆజ్ఞతో అతని సేవకుడు సెడ్రిక్‌ను చూచుచుండగనే వధించెను.

హ్యారీ స్వార్థముతో ఆ పాత్రను తానొక్కడే గ్రహించియున్నచో సెడ్రిక్ బ్రతికియుండెడివాడు. కావున ఔదార్యము కంటె స్వార్థమే మేలైనదా యని కొందరు సందేహింపవచ్చును. దీనికి సమాధానము ఆ కథలోనే కలదు. గురువు వేషమున చేరిన శత్రుపక్షమువాడొకడు ఏడాది పొడవునను హ్యారీకి తోడ్పడెను; శాపమునకు లొంగకుండుట నేర్పెను; పరీక్షలలో దారి చూపెను. ఫలము మాత్రమే చూచినచో వాడు మహోపకారి. కాని ఆ ఉపకారమంతయు బాలుని మృత్యుముఖమునకు చేర్చుటకే. ఫలమే కొలతయైనచో వంచకుడు సజ్జనుడగును, ఉదారుడు హంతకుడగును. ఇట్టి కొలత నిలువదు. వధ చేయించినవానికే వధదోషము చెందును.

అయినను విచారము ఇంతటితో ముగియదు. దోషము లేదని తేలినను దుఃఖము తొలగునా? పాత్రను కలిసి తీసికొందమని చెప్పినది తానే యని హ్యారీ కుమిలెను. ఆ కుములుటయు అధర్మము కాదు. తన చేయి తగిలిన చోట కీడు కలిగినపుడు 'నాకేమి సంబంధము' అని తొలగిపోవువాడు నిర్దోషి కావచ్చును గాని సహృదయుడు కాడు. హ్యారీ చేసినదేమి? తన దేహమును తల్లిదండ్రులకు చేర్చుమని సెడ్రిక్ ఛాయ వేడగా, ప్రాణాపాయమున సైతము ఆ మాట నెరవేర్చెను. తనకు లభించిన 1000 బంగారు నాణెములను ఆ తల్లిదండ్రులకు ఈయబోయెను. వారతనిని నిందింపలేదు, ధనమును స్వీకరింపలేదు. అంతట దానిని మిత్రుని అన్నలకిచ్చి, నవ్వు పుట్టించు వస్తువుల అంగడి పెట్టుకొనుమనెను. రానున్న చీకటి దినములలో నవ్వు మరింత అవసరమని అతడెరిగెను.

ఫలము మానవుని చేతిలో లేదు. సంకల్పము అతని చేతిలో కలదు. ఫలము వికటించిన పిమ్మట ఏమి చేయవలెననుటయు అతని చేతిలోనే కలదు. ఒకసారి విషఫలము కలిగెనని మంచిని మానివేయువాడు శత్రువు కోరినదే చేసినవాడగును. దుఃఖమును మోయుచునే మరల చేయి చాచువాడు ధన్యుడు.