నేల కింది సొమ్ములో రాజు వాటా

విశ్వజిత్ యాగం చేసేవాడు తనకున్న సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చేయాలి. యాగకర్త చక్రవర్తి అయితే, రాజ్యంలోని భూమినంతా ధారపోయవచ్చా? జైమిని మీమాంసా సూత్రాలు ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న వేసుకుని, కూడదని తేల్చాయి. భూమి అందరికీ సమానం గనుక అది ఒకడు ఇచ్చే దానం కాదు. మనుషులు తమ తమ పొలాలకు యజమానులుగా కనిపిస్తారు గానీ భూమండలమంతటికీ కాదని భాష్యకారుడు శబరుడు వివరించాడు. 14వ శతాబ్దిలో విజయనగర మాధవాచార్యుడు జైమినీయ న్యాయమాలలో ఇదే నిలబెట్టాడు: రాజుది దుష్టులను శిక్షించి శిష్టులను కాపాడే అధికారం, భూమి మాత్రం ప్రాణులందరి ఉమ్మడి సొత్తు. కొలువులో ఉన్న పండితుడు ఆ మాట రాశాడంటే చిన్న సంగతి కాదు.

నేల పైభాగం మాట సరే, లోపల ఉన్నదాని సంగతి? పాత నిధుల్లోనూ నేలలోని ధాతువుల్లోనూ రాజుకు సగం వాటా అని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అందుకు ఒకే శ్లోకంలో రెండు కారణాలు చూపుతుంది. రాజు కాపాడతాడు కాబట్టి. భూమికి అధిపతి కాబట్టి. పక్కపక్కనే ఉన్నా ఇవి ఒకటి కావు. మొదటిది చేసిన పనికి ప్రతిఫలం, పని చేయకపోతే వాటా కూడా పోతుంది. రెండోదానికి అలాంటి షరతేమీ లేదు.

పాలకులకు రెండోదే నచ్చింది. ఖజానాకు మూలం గనులేనన్నాడు కౌటిల్యుడు. ఖర్చూ శ్రమా ఎక్కువైన గనిని వాటాకో అద్దెకో ఇవ్వాలని, తేలికైనదాన్ని రాజే తవ్వించుకోవాలని అర్థశాస్త్రంలో లెక్క చెప్పాడు. నేటి లీజు పద్ధతికి అదే పూర్వరూపం. 17వ శతాబ్దిలో కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనిని గోల్కొండ సుల్తాను గుత్తకిచ్చినా, పది క్యారెట్లు దాటిన రాయి మాత్రం తనకే చెందాలన్నాడు.

పొలానికీ గనికీ ఒక తేడా ఉంది. కోత కోశాక పొలం పొలంగానే మిగులుతుంది, రాజు పన్ను పంట మీద పడుతుంది. గనిలో తీసేది ఫలసాయం కాదు, నేల ఒంటినే. శబరుడు ఒప్పుకున్న పొలం హక్కు అంత లోతుకు దిగుతుందని చెప్పడం కష్టం.

ఈ వాదమే వేరే భాషలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. విశాఖ మన్యంలో బొర్రా గుహల పరిసరాల్లో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులను సమత అనే సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి భూమి బదలాయించరాదని 1/70 చట్టం అంటోంది. ఆ ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా ఉందా అన్నదే చిక్కుముడి. ఉందని 1997 జూలై 11న మెజారిటీ తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ పట్నాయక్ మాత్రం ఒప్పుకోలేదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థకూ గిరిజన సహకార సంఘాలకూ తలుపు తెరిచే ఉంచి, నికర లాభంలో కనీసం 20 శాతం బడి, ఆసుపత్రి, నీరు, రోడ్ల వంటి పనులకు పక్కన పెట్టాలని కూడా కోర్టు చెప్పింది. మనువు చెప్పిన మొదటి కారణానికి ఇంత దగ్గరగా వచ్చిన ఆధునిక తీర్పు అరుదు. కోయలూ కొండరెడ్లూ ఉన్న బుట్టాయగూడెం, పోలవరం మండలాల్లోనూ అదే 1/70 అమల్లో ఉంది.

ఆ మన్యం దిగి గణపవరం, నిడమర్రు వైపు వస్తే గనులు లేవు. అంతా నల్లమట్టి, చేపల చెరువులు. ఇంటి స్థలం మెరక చేయాలంటే మెట్ట నుంచి గ్రావెల్ రావలసిందే. టిప్పర్ వెనక తలుపు తెరుచుకోగానే ఎర్రమట్టి జారి నల్లమట్టి మీద కుప్పపడుతుంది. డ్రైవరు జేబులో పర్మిట్ కాగితం ఉంటుంది. 1966 నాటి చిన్నతరహా ఖనిజాల నిబంధనల కింద ఆ మట్టికి ప్రభుత్వానికి కట్టేది సీనరేజి. ఫ్రెంచిలో ప్రభువు అనే మాట నుంచి పుట్టిన పేరు అది. మనువు రెండో కారణం కాగితం మీద అలా మిగిలింది. మొదటిది అడగాల్సినవాడు మెట్టలో గుట్ట పక్కన ఉంటాడు. మట్టి అందుకున్నవాడికి ఆ మెరక లేకపోతే వానాకాలంలో వాకిట్లో నీళ్లు నిలుస్తాయి.