మతం గడి

మా అమ్మ నిజాయితీ గల మనిషా, రెండు నాల్కల మనిషా? ఈ ప్రశ్న నన్ను చానా ఏండ్లు తొలిచింది. ఆమెను ఎరిగినోళ్ళు ఈ మాట వింటే నా మీదికి కొట్లాటకొస్తారు. నందికొట్కూరు తాలూకాలో ఒక ఎయిడెడ్ మిషన్ బడిలో ఆమె టీచరు. తెల్లారి జపమాల చెప్పకుండా పొయ్యి అంటించేది కాదు. తపస్సుకాలం నలభై దినాలు మా ఇంట్లో నీసు ఉడికేది కాదు. అబద్ధ సాక్ష్యం కూడదనే ఎనిమిదో ఆజ్ఞ ఆమెకు మిగిలిన తొమ్మిదింటికన్నా ఎక్కువ. బలపం దొంగిలించిన పిల్లోణ్ణి వదిలేసేది గానీ, తియ్యలేదని బొంకినోణ్ణి వదిలేది కాదు.

అట్లాంటి మనిషి అడ్మిషన్ రిజిస్టరులో రెండు తీర్ల రాసింది.

జూన్ వస్తే మాదిగవాడ తల్లులు బిడ్డల్ని బడికి తోలుకొచ్చేవాళ్ళు. ఆదివారం పూజలో అంతోని అయినోడు సోమవారం రిజిస్టరులో మద్దిలేటి అయ్యేవాడు. మతం గడిలో హిందూ, కులం గడిలో మాదిగ. ఆ తల్లి నిన్న మా అమ్మ పక్కనే మోకరించి సత్ప్రసాదం తీసుకున్న మనిషే. అయినా ఆమె చెప్పింది చెప్పినట్టు అమ్మ గుండ్రటి అక్షరాలతో రాసేది. 1978లో నన్ను చేర్చినప్పుడు మాత్రం అదే కలంతో 'క్రైస్తవ' అని రాసింది.

ఆ గడి బరువు ఎంతో విద్యార్థి మిత్రులకు చెప్పాల. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో హిందువు కానోడు షెడ్యూల్డు కులస్తుడు కాడన్నారు. 1956లో సిక్కులను కలిపినారు, 1990లో బౌద్ధులను కలిపినారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటనే ఉండిపోయినారు. మన రాష్ట్రంలో 1970 నుంచి క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు, వాళ్ళ సంతానం బి.సి.-సి కింద ఒక్క శాతంలో ఉన్నారు. ఎస్సీలకు 15 శాతం. ఆ రెండింటి మధ్య తేడా అంతా ఆ ఒక్క గడిలో ఉండేది.

మరి జ్ఞానస్నానం నీళ్ళు కులాన్ని కడిగినాయా? ఊరికి మా అమ్మ చచ్చేదాకా 'మాదిగ టీచరమ్మే'. ఊరి వీధిలో ఆమెకు నీళ్ళు పైనుంచే పోసినారు, బాప్తిస్మం సర్టిఫికెట్టు చూసి ఎవరూ చెంబు చేతికియ్యలేదు. చర్చి లోపల సంగతి చర్చే ఒప్పుకుంది. 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళిత విధానం ప్రకటిస్తూ, అంటరానితనం తమలోనూ ఉందని రాసుకుంది. కర్నూలు మేత్రాసనం 1967లో ఏర్పడింది. 2008లో దానికి బిషప్ అయిన పూల ఆంతోని 2022లో కార్డినల్ అయినారు. దళితుల్లో ఆ స్థానానికి చేరిన మొదటి మనిషి ఆయనే. అప్పటికి మా అమ్మ లేదు. ఉంటే ఆ పూట ఇంకో జపమాల ఎక్కువ చెప్పేది.

ఇంటర్ అయినాక నేను కోరుకున్న సీటు నాకు రాలేదు. నాకన్నా తక్కువ మార్కులొచ్చిన మా వాడ పిల్లోనికి వచ్చింది. వానికి రావడం న్యాయమే. నాకు రాకపోవడం ఏం న్యాయమని అమ్మనడిగినా.

"అందరికీ ఒక తీరు రాసి, నాకొక తీరు ఏంటికి రాసినావు?"

"వాళ్ళ బిడ్డల కూడు తీసి నా పుణ్యం పెంచుకోమంటావా నాయనా? నాకు నెలనెలా జీతముంది. నిజం నాకు చవగ్గా దొరుకుతుంది. కె.సి. కాలువ కింద నాట్లకు పోయేదానికి అంత చవక కాదు."

"మరి నా సీటు?"

ఆమె చానాసేపు మాట్లాడలేదు. "అది నేను నీకు బాకీ" అనింది. పి.ఎఫ్. లోను తీసి ఫీజు కట్టి నన్ను వేరే చదువులో చేర్చింది. రిటైరయ్యేదాకా ఆ లోను కంతులు జీతంలో కోతపడినాయి.

ఇప్పుడు నాకు తోచేది ఇది. తన సొమ్ముతో చేసే త్యాగం వేరు, ఎదుటోని సొమ్ముతో చేయించే త్యాగం వేరు. వాడ తల్లుల దగ్గర నిజం కోసం పట్టుబట్టి ఉంటే అమ్మకు మంచిపేరు, వాళ్ళ బిడ్డలకు పేడకళ్ళు. ఆ బేరం ఆమె చెయ్యలేదు. అది రెండు నాల్కలు కాదు, ధర్మం. కానీ నా విషయంలో లెక్క పూర్తిగా తెగదు. బిడ్డ తల్లి సొమ్ము కాదు గదా! నా తరఫున ఆమె చెల్లించింది నా బతుకులోంచి కూడా. ఆ బాకీ ఆమె ఒప్పుకుంది కాబట్టే నేను ఆమెను గౌరవిస్తా. విశ్వాసులు చానామంది అంత మాత్రం కూడా ఒప్పుకోరు.

మమ్మల్ని 'దొంగ క్రైస్తవులు' అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళనొకటి అడుగుతా. ఆ గడి నిజంగా నీ దేవుడెవరని అడుగుతుందా? నీ దేవుణ్ణి దాచుకుంటే ఇంత, చెప్పుకుంటే ఇంత అని బేరం పెడుతుంది. నిజం చెప్పినోనికి జుల్మానా వేసే ప్రశ్నకు నిజం చెప్పలేదని కూలిమనిషిని నిందించే హక్కు ఎవరికుంది?

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసినారు. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి పోయినోనికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కులం పేరుతో కొట్టేటోడు మాత్రం మతం అడిగి కొట్టడు.

కాబట్టి మిత్రులారా, నిజాయితీ పరీక్ష నాట్లేసే తల్లికి పెట్టొద్దండి. మా అమ్మకూ పెట్టొద్దండి. ఆ మూడో పేరాకు పెట్టండి.