గురుకులవాసము - సఖ్యధర్మము

1971వ సంవత్సరమున నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున ఒక బాలుర పాఠశాల వెలసినది. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమది. పల్లెలలో పుట్టి, తెలివియుండియు చదువుకొను వసతి లేని బాలురను పరీక్షించి ఎన్నుకొని, తిండియు పడకయు చదువును ఉచితముగా నొసగి, ఉపాధ్యాయులతోగూడ ఒకే ఆవరణలో నుంచి తీర్చిదిద్దవలెనన్నది ఆ ప్రయత్నము. మరుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండయందును, హిందూపురమునకు చేరువనున్న కొడిగెనహళ్ళియందును అట్టి పాఠశాలలే ఏర్పడినవి. వానికి గురుకులములని పేరు పెట్టిరి. ఆ పేరు వినగానే భాగవతము చదువుకొన్న మన యిండ్లలో సాందీపని ఆశ్రమము స్ఫురించును. శ్రీకృష్ణుడును కుచేలుడును ఒక్కచోట చదివిన తావది. రాజవంశమున పుట్టినవాడును, చినుగుపాత కట్టినవాడును ఒకే చాపపై కూర్చుండుట మన దేశమునకు క్రొత్త కాదని చెప్పుకొనుటకు అంతకంటె మంచి దృష్టాంతము లేదు.

అయితే ఒక్కచోట కూర్చుండబెట్టినంత మాత్రమున సమత్వము కలుగునా? కలిగినను, ఆ ప్రాంగణము దాటిన పిదప నిలుచునా? ఇది తేలికగా తీరు ప్రశ్న కాదు.

ఇట్టి పాఠశాలల దినచర్య గంటతో ఆరంభమగును. గంటకు నిద్రలేచుట, గంటకు ప్రార్థన, గంటకు వ్యాయామము, గంటకు భోజనము. మోతుబరి రైతు కుమారుడును, ఆ రైతు పొలమున కూలికి పోవువాని కుమారుడును ఒకే వరుసలో కంచములతో నిలుతురు. ఒకే గరిటెతో వడ్డన జరుగును. దుస్తుల రంగు ఒక్కటే. గదులు ఊడ్చుట, చెట్లకు నీరు పోయుట, వడ్డనలో చేయి వేయుట వంతులవారీగా వచ్చును. సాయంకాలము ఆటలు, బాలురను దళములుగా విభజించి పోటీలు, సెలవునాటి ముందుదినమున వక్తృత్వసభ, ఏడాదికొకమారు వార్షికోత్సవము. ఆ ఉత్సవ నాటకమున స్త్రీపాత్ర ధరించుట కెవ్వరొప్పుకొందురన్నది బాలుర పాఠశాలలన్నింట పెద్ద చిక్కు. ఒప్పుకొన్న బాలుని ఆ యేడంతయు ఆ పాత్ర పేరుతోనే పిలుతురు. పాపము, అదియు సంఘజీవనములో ఒక భాగమే.

ఇంత చక్కని కట్టుబాటులో పెరిగినవారందరును మిత్రులగుదురని మనము భావింతుము. కాని మహాభారతము ఆ భావనకు అడ్డు వచ్చును. ద్రోణుడును ద్రుపదుడును సహాధ్యాయులే. భరద్వాజుని ఆశ్రమమునకు పాంచాల రాజకుమారుడు వచ్చి ద్రోణునితో ఆడుకొనెను, కలిసి చదువుకొనెను. నేను రాజునైన నాడు నా భోగము నీదికూడనని మాట యిచ్చెను. పిదప ద్రోణుడు గృహస్థుడై, బిడ్డకు పాలు పోయలేని దారిద్ర్యమున చిక్కి, ఆ మాటను తలచుకొని వెళ్ళెను. సింహాసనము మీదనున్న ద్రుపదుడు, సమానులకే గాని రాజునకును నిరుపేదకును స్నేహమెక్కడిదని త్రోసిపుచ్చెను. ఆ అవమానము ఎంతదూరము పోయినదో మనకు తెలియును. శిష్యులచేత ద్రుపదుని బంధింపజేసి ద్రోణుడు సగము రాజ్యము గైకొనెను. ద్రోణుని వధించు కొడుకుకొరకు ద్రుపదుడు యజ్ఞము చేసెను. కురుక్షేత్రమున ధృష్టద్యుమ్నుని ఖడ్గమునకు ద్రోణుని శిరస్సు తెగెను. ఆశ్రమమున కలిసి ఆడిన ఇద్దరు బాలుర కథ ఇట్లు ముగిసినది.

ద్వారకలో జరిగినది దీనికి విరుద్ధము. కుచేలుడు వాకిట కనబడగానే శ్రీకృష్ణుడు తల్పము దిగి ఎదురేగి, కౌగిలించుకొని, తన పాన్పుపై కూర్చుండబెట్టి పాదములు కడిగెను. రుక్మిణీదేవి స్వయముగ వీచెను. అటుపిమ్మట స్వామి ఎత్తిన మాట ఏది? అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలు నేర్చినవాడు కదా, ఆ విద్యలను గూర్చి ముచ్చటింపవచ్చును. గురుపుత్రుని యమలోకమునుండి తెచ్చిన వీరగాథను చెప్పవచ్చును. ఆయన జ్ఞప్తికి తెచ్చినది ఒక కట్టెలమోపును. గురుపత్ని పంపగా అడవికి పోవుట, అకాలమున గాలివాన పట్టుకొనుట, ప్రొద్దు గ్రుంకి చీకటిలో మిట్టపల్లములు తెలియక నీటిలో తడియుచు ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరుగుట, తెల్లవారిన పిదప సాందీపని వెదకుకొనుచు వచ్చి దీవించుట. ఇన్నేండ్లకును ద్వారకాధీశుని హృదయమున చెదరనిది ఆ రాత్రి.

ద్రోణద్రుపదుల ఆశ్రమములోను గురుశుశ్రూష లేకపోలేదు. ద్రుపదుడు ఆ దినములలో తనకు ఉపకారియని ద్రోణుడే చెప్పుకొన్నాడు. భేదమెక్కడ? ఆశ్రమమునుండి ద్రోణుడు మనస్సులో దాచుకొని తెచ్చినది ఒక వాగ్దానము, అనగా రావలసిన బాకీ. ద్రుపదుడు దానిని కూడ తెచ్చుకొనలేదు. అక్కడి సమత్వము అక్కడి నియమము వలన వచ్చినది గనుక, ఆ నియమముతోనే ఆయనకు అది తీరిపోయినది. శ్రీకృష్ణుడు తెచ్చుకొన్నది తాను మోసిన బరువును, తాను పట్టుకొన్న చేతిని. కుచేలునకు బాకీ యన్న తలంపే లేదు. అందుచేత అడుగవలసినది నోట రాక తిరిగి వచ్చెను.

ఇక్కడ ఆలోచనాపరులు ఒక ఆక్షేపణ చేయుదురు. గంట కొట్టగా చేసిన పని సేవ యెట్లగును? వంతు వచ్చినదని ఊడ్చిన బాలుడు దండనకు వెరచి ఊడ్చెను గాని ప్రేమచేత కాదు. అట్టిదానికి పుణ్యమేమి, శీలమేమి? ఈ మాటలో నిజమున్నది. కాని కట్టెలకు పోయిన కృష్ణకుచేలులు తమ యిచ్ఛతో పోలేదని మరువరాదు. గురుపత్ని పంపినది, పోయిరి. వాన వచ్చుట ఎవ్వరి ఆజ్ఞ? ఆ చీకటిలో ఒకరి చేయి ఒకరు విడువకుండుట ఎవ్వరి ఆజ్ఞ? ఆజ్ఞ అడవివరకే నడిపించును. ఆపైన జరిగినది వారిది. భక్తిమార్గములు తొమ్మిదింటిలో దాస్యము ఏడవదిగను, సఖ్యము ఎనిమిదవదిగను పెద్దలు చెప్పిన వరుసను ఈ సందర్భమున తలచుకొనిన బాగుగనుండును. చేయుటకు అలవాటుపడని చేతులు పట్టుకొనుటకును ముందుకు రావు. కనుక గంటను నేను తప్పుపట్టను.

తప్పు పట్టవలసినది మరియొకచోట నున్నది: సేవ ఏ దిక్కుగా పారుచున్నదన్న దానియందు. ఇంగ్లండు దేశపు ప్రసిద్ధ బాలుర పాఠశాలలలో చిన్న తరగతి బాలుడు పెద్ద తరగతి బాలునకు బూట్లు తుడుచుట, రొట్టె కాల్చి యిచ్చుట ఒక ఆచారముగా నుండెడిది. ఫ్యాగింగ్ అని దానికి పేరు. 1828లో రగ్బీ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన థామస్ ఆర్నాల్డ్ వంటి నీతిమంతుడును దానిని సమర్థించెను. చిన్నవారికి అణకువ, పెద్దవారికి బాధ్యత అలవడునని వాదము. అణకువ అలవడినదేమో గాని, తన వంతు వచ్చినప్పుడు మరియొకనిచే చేయించుకొనవలెనన్న కోరికయు దానితోనే అలవడినది. ఇరువదవ శతాబ్ది ముగియువేళకు ఆ ఆచారము అక్కడ అంతరించినది. మన వసతిగృహములలో అట్టిదే వేరొక పేరున తల యెత్తినది. ఆంధ్రప్రదేశమున 1997లో ర్యాగింగును నిషేధించుచు చట్టమే చేయవలసి వచ్చెను. బలవంతుడు కూర్చుండి బలహీనునిచేత బకెట్టు మోయించుకొనుచోట ఎంత చక్కని ప్రార్థన జరిగినను అది గురుకులము కాదు. సాందీపని ఆశ్రమమున గోవర్ధనమెత్తినవాడే కట్టెలమోపు ఎత్తినాడు గదా!

ఈ విషయమున గాంధీమహాత్ముని టాల్‌స్టాయ్ క్షేత్రము మనకు దగ్గరి ఉదాహరణము. 1910లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గు నగరమునకు దూరమున, మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన భూమిలో అది ఏర్పడినది. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివారితోపాటు ఆంధ్రదేశమునుండి వెళ్ళినవారును అందుండిరి. హిందువులు, ముస్లిములు, పారసీలు, క్రైస్తవులు కలిసి నివసించిరి. నౌకరులు లేరు, వంట మొదలు పాకీపని వరకు అందరును చేసిరి. ఉపాధ్యాయుడు తాను చేయని పనిని పిల్లలచేత చేయింపరాదన్నది అక్కడి నియమము. పిల్లలు గుంట త్రవ్వుచుండగా పెద్దవాడొకడు ప్రక్కనే త్రవ్వవలసినదే. రంజాను ఉపవాసములు వచ్చినప్పుడు ఇతర మతముల బాలురును వారితోబాటు ఉపవసించిరి. అయితే సూర్యాస్తమయము వరకు ఆగవలసిన నిర్బంధము తమకు లేదు గనుక, ముందుగా తిని, ముస్లిము మిత్రులకు రుచికరములైన పదార్థములు వండి సాయంకాలము వడ్డించిరి. ఇందు ఉపవాసమునకు నియమమున్నది. వండి వడ్డించుటలోనున్నది నియమముకంటె అధికము. మన గురుకులముల వార్డెనులు ఈ ఒక్క ఉదంతమును బాగుగా ఆలోచింపవలెనని నా కోరిక.

ఇక బాలుర పెట్టెల సంగతి. వసతిగృహమున ప్రతి బాలునకు మంచము క్రిందనో గోడ ప్రక్కనో ఒక రేకుపెట్టె యుండును. దానికి చిన్న తాళము, ఆ తాళపుచెవి మొలత్రాటికి. భోజనశాలలో సమత్వమును నిలుపువారు పెద్దలు. అక్కడ బాలుడు చేయవలసినదేమియు లేదు. పెట్టె దగ్గర పెద్దలుండరు. తల్లిదండ్రులు చూడవచ్చు ఆదివారము సాయంకాలము ఆ గదిలోనికి వెళ్ళి చూచిన ఎవ్వరికైనను తెలియును. కొన్ని పెట్టెలలో అరిసెలు, జంతికలు, ఆవకాయ సీసా చేరును. కొన్నింటిలో ఏమియు చేరదు. వాని తండ్రికి బస్సు చార్జీ దొరకలేదు, లేదా ఆనాడు కూలి మానుకొనుటకు వీలుకాలేదు. సమత్వమునకు పరీక్ష యెక్కడనని ఎవ్వరైన అడిగిన, పరీక్షల గదిని గాక ఈ పడకగదిని చూపింతును.

ఇంటినుండి వచ్చినదంతయు ఒకచోట చేర్చి అందరికి పంచవలెనని కట్టడి చేసినచో ఈ చిక్కు తీరునని కొందరు చెప్పుదురు. సదుద్దేశముతో చెప్పిన మాటయే గాని నాకు సమ్మతము కాదు. అట్లు చేసిన నాడు అరిసెయు గరిటెతో వడ్డించు అన్నముతో సమానమగును. ఇచ్చుట అన్నది బాలుని చేతినుండి జారిపోవును. తాళము వేసికొను స్వేచ్ఛ యున్నచోటనే తాళము తీయుటకు అర్థమున్నది. ఒకడు తీయక పోవచ్చును. పోనిమ్ము. ఏడెనిమిది నెలలు ప్రక్క మంచములను చూచుచు ఒంటరిగా తినుటలోని రుచి ఎంతటిదో వానికే తెలియవలెను. అయితే ఆ గదిలో నిద్రించు ఉపాధ్యాయుడొకడుండి, తన యింటినుండి వచ్చినదానిని ఎట్లు తినుచున్నాడో పిల్లలు చూచునట్లు మాత్రము చేయవచ్చును.

ఆశ్రమమున కుచేలుడు శనగలు దాచుకొని ఒంటరిగా తినెననియు, అందువలన దరిద్రుడాయెననియు ఒక కథ జనులనోట వినవచ్చును. అది భాగవతమున లేదు. పేదవాని పేదరికమునకు వాని తప్పే కారణమని చెప్పుకొనిన మనకు నిశ్చింత. ఆ కథ నిలుచుటకు అదియే కారణమని నా అనుమానము. భాగవతమున ఉన్నది వేరు. భార్య ఇరుగుపొరుగుల నడిగి తెచ్చిన నాలుగు పిడికెళ్ళ అటుకులు ఆయన కొంగున నుండెను. ద్వారక వైభవమును చూచి, సిగ్గుపడి, ఇవ్వలేక దాచుకొనెను. ఆశపోతుతనమున దాచుట వేరు, సిగ్గున దాచుట వేరు. నాకేమి తెచ్చితివని యడిగి, స్వామి తానే ఆ మూటను లాగుకొని, ఒక పిడికెడు నోట వేసికొనెను.

రేకుపెట్టెలలోను ఆ రెండు విధముల తాళములున్నవి. అరిసెలకు వేసిన తాళము ఒకటి. అవ్వ పంపిన జొన్నరొట్టెయో, గుడ్డలో కట్టిన వేరుసెనగకాయలో నలుగురిలో విప్పలేక దీపములార్పిన పిదప తిను బాలుని తాళము మరియొకటి. రెండవదానిని నియమము తీయలేదు, ఉపదేశము తీయలేదు. ప్రక్క మంచము నుండి లేచి, ఏమిరా, ఏమి తెచ్చితివి, నాకు పెట్టవా యని చేయి చాచి లాగుకొను ఆకతాయి ఒకడు ఆ గదిలో నుండవలెను.