కదిలేవాళ్ళు ఫోటోలో పడరు

రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యసనం ఫోటోలొక్కటే. తీయడం కన్నా పాతవి తిరగేయడమే ఎక్కువ లెండి.

1838లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన మేడమీది నుంచి ఓ పెద్ద వీధిని ఫోటో తీశాడు. ఆ రోజుల్లో బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు సోకాలి. బండ్లూ మనుషులూ తిరుగుతున్న వీధే, కానీ ఫోటోలో బోసిగా ఉంటుంది. కదిలేవాళ్ళెవరూ పడలేదు. నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాయన మాత్రం పడ్డాడు!

మన ఇళ్ళ ఆల్బములూ అంతే కదండీ. నా ఆగ్ఫా క్లిక్ కెమెరాలో రీలుకి 12 బొమ్మలే. పెళ్ళికీ పేరంటానికీ దాచుకునేవాళ్ళం. కుర్చీల్లో కూర్చున్న పెద్దలంతా చక్కగా పడేవారు. "మీరు కానివ్వండి, పులుసు పొంగుతోంది, ఇప్పుడే వస్తా" అన్న ఇల్లాలు మాత్రం ఏ మూలో చీర కొంగై మిగిలేది.

ఇప్పుడు సెల్‌ఫోనుకి రీలు ఖర్చు లేదు. అయినా వడ్డించే ఆవిడ కన్నా వడ్డించిన విస్తరికే ఫోటోలెక్కువ! అంటే కొరత రీలుది కాదన్నమాట, మన చూపుది. ఎవరి చాకిరీ వల్ల ఆ రోజు పండగైందో వాళ్ళు కంటికే ఆననప్పుడు, కెమెరా మాత్రం ఏం చేస్తుంది?

ముగ్గేస్తుంటే తీయబోతే, "ఉండండి, చీర మార్చుకొస్తా" అంటుంది మా ఆవిడ. ఆ ఇస్త్రీ చీర పెట్టెలోనూ ఉంటుంది. రేపు నాకు గుర్తుండాల్సింది ఈ నలిగిన చీరలో మనిషే కదా!