ఇంజను దాహం, మనిషి దాహం



విదర్భలో ముర్తిజాపూర్ నుంచి ఒకవైపు అచల్‌పూర్‌కి, ఇంకోవైపు యవత్మాల్‌కి ఒక నారో గేజ్ రైలు దారి ఉంది. జనం శకుంతల అంటారు. పత్తి మోయడానికి వేసిన లైను. ఇప్పుడు రైళ్ళు ఆగిపోయాయి. 1994 దాకా అక్కడ నడిచింది ఆవిరి ఇంజను. దానికి బొగ్గు ఎంత అవసరమో నీళ్ళూ అంతే. అందుకే అలాంటి లైన్ల మీద ఎత్తైన నీళ్ళ ట్యాంకులు కట్టేవాళ్ళు. కింది నీళ్ళు పైకి ఎక్కించి, ఇంజను వచ్చి ఆగగానే గొట్టంతో వదిలేవాళ్ళు. ఇంజను దాహం ముందే తెలుసుకుని చేసిన ఏర్పాటు అది.

మరి మనిషి దాహం?

1901లో చిన్నారి భీమ్‌రావ్, అన్న, ఇద్దరు మేనల్లుళ్ళు గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో రైలు దిగారు. ఆ రైలుని లాగిన ఇంజనుకి నీళ్ళు దొరికాయి. పిల్లలకి దొరకలేదు. ఎడ్లబండి మీద వెళ్తూ రాత్రి టోల్ నాకా దగ్గర అడిగినా లేవన్నారు. చేతిలో అన్నం ఉండి కూడా, నీళ్ళు లేక ఆకలితోనే పడుకున్నారు. ఆ తండ్రి ఉద్యోగం ఎక్కడో తెలుసా? కరువు పని కింద చెరువు తవ్వుతున్న చోట!

మనవాళ్ళే కొందరంటారు: "అన్నీ అనిత్యమే కదా, కులం కూడా కాలంతో అదే పోతుంది." బుద్ధుడు చెప్పింది అది కాదు. కారణం ఉన్నంతకాలం ఫలితం ఉంటుంది, కారణం తీసేస్తే ఫలితం పోతుంది అన్నాడు. ఎత్తు మీద నీళ్ళు వాటంతట అవి నిలవవు. కింద నుంచి రోజూ ఎవరో ఎక్కించాలి. కులమూ అంతే. బాబాసాహెబ్ కాలం కోసం కూర్చోలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగి చూపించారు.

కులం లేకపోతే ఊరు నడవదని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. 1994లో డీజిల్ ఇంజను వచ్చాక ఆ లైనుకి నీళ్ళ ట్యాంకుతో పని లేకుండా పోయింది. రైలు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచింది.

మరి కులానికి నీళ్ళు ఎక్కిస్తున్నది ఎవరు? పైవాళ్ళేనా?

ధమ్మ ప్రచారానికి ఒకసారి పక్క వాడకి వెళ్ళాను. మాకన్నా కింద అని మా పెద్దవాళ్ళు అనుకునే వాడ. ఎండలో నడిచొచ్చానని ఒక పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాను. అబద్ధం. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఒక్క మాటతో నాలుగో శీలం తప్పాను, పంచశీల గురించి మాట్లాడటానికి వెళ్ళి! ఆ టోల్ నాకా మనిషికీ నాకూ తేడా ఏముంది? అతను నీళ్ళు ఇవ్వలేదు, నేను పుచ్చుకోలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, నేనే అడిగి తాగాను. ఆమె ఏమీ అనలేదు. మొదటి రోజే ఆమెకి అర్థమై ఉంటుంది.

ధ్యానంలో కూర్చున్నప్పుడు శ్వాసని గమనిస్తాం. మంచిదే. ఎవరింట్లో చెంబు అందుకోవడానికి మన చెయ్యి వెనకాడుతుందో అది కూడా గమనిద్దాం. అక్కడే కారణం ఉంది. అక్కడే తీసెయ్యాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.